మిలిటరీ నర్సు కావాలంటే: ఇంటర్ తర్వాత ఒక దారి, బీఎస్సీ నర్సింగ్ తర్వాత ఇంకో దారి

నీట్ రాశారు. ఎంబీబీఎస్ సీటు వచ్చేంత స్కోరు రాలేదు. లేదా బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి ప్రైవేటు ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేస్తున్నారు. ఈ రెండింటిలో మీరు ఏ పరిస్థితిలో ఉన్నా, మిలిటరీ నర్సింగ్ సర్వీస్ (ఎంఎన్‌ఎస్) గురించి ఒకసారి తెలుసుకోండి. ఇందులో చేరేవారు లెఫ్టినెంట్ హోదాతో ఉద్యోగం మొదలుపెడతారు. పదోన్నతులతో మేజర్ జనరల్ వరకు వెళ్లొచ్చు.

అయితే ఈ ఉద్యోగానికి పరీక్ష ఒక్కటే అడ్డంకి కాదు. చిన్న అర్హత నిబంధన తెలియక దరఖాస్తు దగ్గరే ఆగిపోయే అవకాశం ఉంది. అందుకే వివరాలు ముందే చూసుకోవాలి.

ఎంఎన్‌ఎస్ అంటే ఏంటి?

సైన్యం, నౌకాదళం, వైమానిక దళం ఆసుపత్రుల్లో సేవలందించే నర్సింగ్ ఆఫీసర్ల విభాగం ఇది. 1926 నుంచి శాశ్వత సర్వీసుగా ఉంది. ఇందులోకి మహిళలనే తీసుకుంటారు. దేశంలో ఎక్కడైనా పోస్టింగ్ వేస్తారు. సికింద్రాబాద్ మిలిటరీ హాస్పిటల్, విశాఖపట్నంలోని ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి వంటి ఆసుపత్రులు మన దగ్గరా ఉన్నాయి కానీ, అక్కడే పోస్టింగ్ వస్తుందని లెక్కలు వేసుకోవద్దు.

అగ్నివీర్ ర్యాలీల్లో వినిపించే ‘నర్సింగ్ అసిస్టెంట్’ పోస్టు వేరు. అది సిపాయి స్థాయి ఉద్యోగం, ఎంఎన్‌ఎస్ ఆఫీసర్ స్థాయిది. రెండింటి దరఖాస్తులూ వేర్వేరు.

మొదటి దారి: ఇంటర్ తర్వాత

సాయుధ దళాల నర్సింగ్ కాలేజీల్లో నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ చేయడం మొదటి మార్గం. ఇలాంటి కాలేజీలు ఆరు ఉన్నాయి: పుణె, కోల్‌కతా, ముంబయి, దిల్లీ, లఖ్‌నవూ, బెంగళూరు. ఇటీవలి నోటిఫికేషన్ల ప్రకారం మొత్తం సీట్లు 220. తెలుగు రాష్ట్రాల్లో ఈ కాలేజీ లేదు.

ప్రధాన అర్హతలు ఇవి:

• ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్‌తో ఇంటర్. అంటే మన బైపీసీ. కనీసం 50 శాతం మార్కులు ఉండాలి.
• ఆ ఇంటర్‌ను రెగ్యులర్ విద్యార్థిగా, మొదటి ప్రయత్నంలోనే పాసై ఉండాలి. ఏదైనా సబ్జెక్టు తప్పి సప్లిమెంటరీలో గట్టెక్కినవారు ఈ నిబంధనను జాగ్రత్తగా చదవాలి.
• అవివాహితులై ఉండాలి. విడాకులు పొందినవారు, చట్టప్రకారం భర్త నుంచి విడిపోయినవారు, భర్తను కోల్పోయినవారు కూడా నిబంధనలకు లోబడి అర్హులే.
• ఎత్తు సాధారణంగా 152 సెంటీమీటర్లు ఉండాలి.

2022 నుంచి ఈ ప్రవేశాలకు నీట్ యూజీ స్కోరు తప్పనిసరి. కానీ నీట్ రాసినంత మాత్రాన మీ పేరు ఆటోమేటిక్‌గా ఈ జాబితాలోకి రాదు. నోటిఫికేషన్ వచ్చాక ‘జాయిన్ ఇండియన్ ఆర్మీ’ వెబ్‌సైట్‌లో విడిగా రిజిస్టర్ చేసుకోవాలి. ఎంబీబీఎస్ కౌన్సెలింగ్ హడావుడిలో పడి ఈ గడువును మర్చిపోకండి.

నీట్ స్కోరు ఆధారంగా షార్ట్‌లిస్ట్ చేసినవారికి జనరల్ ఇంటెలిజెన్స్, జనరల్ ఇంగ్లిష్ పరీక్ష, మానసిక సామర్థ్య పరీక్ష, ఇంటర్వ్యూ, వైద్య పరీక్షలు ఉంటాయి.

చదువు, వసతి, భోజనం ఉచితం. నెలనెలా స్టైపెండ్ కూడా ఇస్తారు. బదులుగా, కోర్సు తర్వాత ఎంఎన్‌ఎస్‌లో కనీసం ఐదేళ్లు పనిచేస్తామని బాండ్ రాయాలి. మధ్యలో మానేస్తే బాండ్ మొత్తం కట్టాల్సి ఉంటుంది. సంతకం పెట్టేముందు అమ్మానాన్నలతో కలిసి ఆ పేజీని పూర్తిగా చదవండి.

రెండో దారి: ఇప్పటికే నర్సు అయితే

షార్ట్ సర్వీస్ కమిషన్ ద్వారా నేరుగా ఆఫీసర్‌గా చేరొచ్చు. 2023 డిసెంబరులో దరఖాస్తులు తీసుకున్నప్పుడు పరీక్షను నీట్ నిర్వహించే ఎన్‌టీఏ చేపట్టింది. 2024 జనవరి 14న కంప్యూటర్ ఆధారిత పరీక్ష జరిగింది. నర్సింగ్, ఇంగ్లిష్, జనరల్ ఇంటెలిజెన్స్ నుంచి ప్రశ్నలు ఇచ్చారు. ఆ తర్వాత ఇంటర్వ్యూ, వైద్య పరీక్షలు.

ఆ నోటిఫికేషన్ ప్రకారం వయసు 21 నుంచి 35 ఏళ్ల మధ్య ఉండాలి. బీఎస్సీ నర్సింగ్, పోస్ట్ బేసిక్ బీఎస్సీ లేదా ఎమ్మెస్సీ నర్సింగ్ చదివి ఉండాలి. జీఎన్‌ఎం ఒక్కటే ఉంటే సరిపోదు. జీఎన్‌ఎం చేసినవారు పోస్ట్ బేసిక్ బీఎస్సీ పూర్తి చేస్తే అర్హత వస్తుంది.

అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్. నర్సుగా, మిడ్‌వైఫ్‌గా రెండు విధాలా నమోదై ఉండాలి. ఈ పని ఇంకా పెండింగ్‌లో ఉంటే నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకుండా ఇప్పుడే పూర్తి చేయండి.

పెళ్లయితే ఉద్యోగం పోతుందా?

చాలా కుటుంబాలను వెనక్కి లాగేది ఈ ప్రశ్నే. ఒకప్పుడు నిజంగానే అలాంటి నిబంధన ఉండేది. పెళ్లి చేసుకున్నారన్న కారణంతో లెఫ్టినెంట్ సెలీనా జాన్‌ను 1988లో సర్వీసు నుంచి తప్పించారు. ఆ నిబంధనను 1995లో ఉపసంహరించారు. సెలీనా జాన్ కేసులో 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పెళ్లి కారణంగా మహిళను ఉద్యోగం నుంచి తొలగించడం తీవ్రమైన లింగ వివక్ష అని చెప్పి, ఆమెకు 60 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. కాబట్టి పెళ్లయితే ఇంటికి పంపేస్తారన్న భయం అక్కర్లేదు. బీఎస్సీ ప్రవేశానికి ఉన్న అవివాహిత నిబంధన మాత్రం వేరే విషయం, దాన్ని దీనితో కలపొద్దు.

ఇప్పుడు ఏం చేయాలి?

పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. వయసు, ఫీజు, ఎత్తు సడలింపులు ఏటా మారే అవకాశం ఉంది కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్‌నే ప్రామాణికంగా తీసుకోండి. ‘డిఫెన్స్ కోటాలో సీటు ఇప్పిస్తాం’ అంటూ ఎవరైనా డబ్బు అడిగితే నమ్మొద్దు. ఫీజు కట్టేది అధికారిక వెబ్‌సైట్‌లోనే. ఎంపిక జరిగేది మెరిట్ మీదే.