ఛాయాచిత్రములనుండి శిలాతల నిర్మాణము: శాసనపాఠ నిర్ణయమున దాని వినియోగము

శాసనపాఠమును నిర్ణయించుటకు లిపిజ్ఞానముతోపాటు రాతిని కన్నులార చూడగల అవకాశమును కావలెను. కాని శిల యున్నచోట పండితుడుండడు. పండితుడున్నచోటికి శిల రాదు. ఈ చిక్కును తీర్చుటకై ఏర్పడినదే ఎస్టాంపేజి, అనగా సిరాతో తీసిన కాగితపు అచ్చు. శిలను కడిగి, తడికాగితమును దానిపై పరచి, కుంచెతో కొట్టి, కాగితము అక్షరముల గుంటలలోనికి దిగిన పిమ్మట సిరాదిండుతో అద్దుదురు. ఎత్తైన తలము నల్లబడును. అక్షరములు తెల్లగా మిగులును. దక్షిణదేశ శాసన సంపుటములలో అచ్చయిన పాఠములు చాలవరకు ఇట్టి కాగితములనుండి చదివినవే. ఈ పద్ధతి చేసిన మేలు ఎంత చెప్పినను తక్కువయే. అయినను దానియందొక లోపము కలదు. ఆరిన కాగితమును చదునుగా పరచినంతనే లోతు పోవును. నలుపు తెలుపుల భేదమొక్కటే మిగులును. ఉలి దిగిన గుంటయు, ఎండవానలకు పెచ్చూడిన గుంటయు ఆ కాగితముపై ఒకే తెల్లని చుక్కగా కనబడును.

తెలుగు శాసనముల విషయమున ఈ చుక్కను అల్పమని త్రోసివేయుటకు వీలులేదు. ప్రాచీన తెలుగు కన్నడ లిపిలో అనుస్వారము చిన్న బిందువు మాత్రమే. పద్యశాసనమున ఆ బిందువున్నచో అక్షరము గురువగును, లేనిచో లఘువుగా నిలుచును. దానితో గణమే మారిపోవచ్చును. అద్దంకి పండరంగని శాసనమందలి తరువోజ, బెజవాడ యుద్ధమల్లుని శాసనమందలి మధ్యాక్కరలు, కురిక్యాల జినవల్లభుని శాసనమందలి కందపద్యములు: నన్నయకు పూర్వపు తెలుగు ఛందస్సునకు ఇట్టి ప్రత్యక్షసాక్ష్యములు బహుస్వల్పము. సాక్ష్యము స్వల్పమైనకొలది ఒక్కొక్క బిందువునకు గల విలువ పెరుగును. ఛందస్సు కుదురుటకై బిందువును ఊహించుట ఒక పని. బిందువును రాతిపై చూపి ఛందస్సును నిరూపించుట వేరొక పని. మొదటిదానిని ఆధారముగా గొని రెండవదానిని సాధించినచో అన్యోన్యాశ్రయదోషము తప్పదు.

ఒకే వస్తువును అనేక స్థానములనుండి తీసిన ఛాయాచిత్రములనుండి దాని ఉపరితలమును లోతుతో సహా తిరిగి నిర్మించు విద్య ఇచ్చట ఉపకరించును. దాని మూలసూత్రము సులభము. చేతివ్రేలిని ముఖమునకెదురుగా నిలిపి ఒక్కొక్క కన్నును మార్చి మార్చి మూసినచో వ్రేలు వెనుకనున్న గోడపై ప్రక్కకు జరిగినట్లు తోచును. వ్రేలు దగ్గరగానున్నచో ఎక్కువగను, దూరముగానున్నచో తక్కువగను జరుగును. ఆ జరుగుబాటును కొలిచినచో దూరము తెలియును. కన్నులకు బదులు కెమెరా యొక్క రెండు స్థానములు, వ్రేలికి బదులు రాతిపైనున్న ఒక బిందువు, తక్కినదంతయు త్రికోణగణితము.

ఛాయాచిత్రములనుండి కొలతలు తీయు ప్రయత్నము ఫొటోగ్రఫీయంత పాతది. ఫ్రాన్సులో సైనికోద్యోగియైన లొస్సెడా 19వ శతాబ్ది మధ్యభాగముననే దీనిని భూమి సర్వేకు వాడెను. జర్మనీలో మైడెన్‌బవర్ అను వాస్తుశిల్పి 1858లో వెట్స్‌లార్ నగరపు పెద్ద చర్చిని కొలుచుచు పైనుండి పడబోయి తప్పించుకొనెను. గోడలెక్కక చిత్రములనుండియే కొలతలు తీయవచ్చునను ఆలోచన ఆయనకు అప్పుడే కలిగినదందురు. అక్షరములను చదువుటకై కొండచరియ నంటుకొని నిలిచిన మన శాసనకారులకు ఆ ప్రమాదము క్రొత్తది కాదు. ఆయన ప్రయత్నమువలన 1885లో బెర్లినులో ప్రాచీన కట్టడముల చిత్రములను తీయుటకై ప్రత్యేకసంస్థ ఏర్పడెను. అయితే ఆ కాలమున రెండు చిత్రములలోని సమానబిందువులను మనుష్యుడే కంటితో చూచి గుర్తించవలసి యుండెను.

ఆ పనిని కంప్యూటరునకు అప్పగించుటయే ఇటీవలి మార్పు. 1981లో లాంగెట్ హిగిన్స్ ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన చిన్న వ్యాసమున, రెండు చిత్రములలో ఎనిమిది సమానబిందువులు తెలిసినచో కెమెరా స్థానములు ముందుగా తెలియకున్నను వాటి పరస్పరసంబంధమును గణించవచ్చునని చూపెను. సమానబిందువులను యంత్రమే కనుగొనుట మరింత కష్టము. వెలుగు మారినను, దూరము మారినను, చిత్రము కొంత తిరిగినను ఒక బిందువును దాని పరిసరములనుబట్టి గుర్తించు పద్ధతిని డేవిడ్ లో అను శాస్త్రజ్ఞుడు 1999లో ప్రతిపాదించి 2004లో విస్తరించెను. లిపిపండితుడు ఒక అక్షరమును దాని ఇరుగుపొరుగు గీతలనుబట్టి పోల్చుకొనునట్లే ఇదియును. పిమ్మట అన్ని చిత్రములనుండి అన్ని బిందువులకు సాగు కిరణములను ఒకేసారి సర్దుబాటు చేసి, మొత్తము దోషము కనిష్ఠమగునట్లు చేయుదురు. ఆ తరువాత ప్రతి చిత్రములోని ప్రతి చిన్న ప్రదేశమునకును లోతు కట్టి, అట్లు లభించిన లక్షల బిందువులపై ఒక అవిచ్ఛిన్నతలమును పరతురు. 2016లో వెలువడిన కోల్‌మ్యాప్ వంటి ఉచిత సాఫ్టువేరువలన ఈ క్రమమంతయు నేడు సాధారణమైన కంప్యూటరుపైనను సాధ్యమగుచున్నది.

ఇది శాసనములకు చాలునంత సూక్ష్మమా యను ప్రశ్న సహజము. ఒక లెక్క చూడవచ్చును. కెమెరా రాతికి ఒక మీటరు దూరమున నున్నదనియు, చిత్రములోని ఒక్కొక్క కణము రాతిపై 0.2 మిల్లీమీటరును కప్పుచున్నదనియు, రెండు స్థానముల నడుమ దూరము 30 సెంటీమీటర్లనియు అనుకొందము. సమానబిందువును అరకణము వరకు సరిగా గుర్తించగలిగినచో లోతులో దోషము సుమారు 0.33 మిల్లీమీటరగును. మూడు మిల్లీమీటర్ల లోతుగల గాటునకు ఇది చాలును. గోటిగీతవలె అరిగిపోయిన గాటునకు చాలదు, మరింత దగ్గరకు పోవలెను. ఇట్లు లభించిన తలముపై కంప్యూటరులో ఏ దిక్కునుండియైనను కృత్రిమమైన వెలుగును వాలుగా ప్రసరింపజేయవచ్చును. బండ యొక్క పెద్ద వంపును తీసివేసి గాట్లను మాత్రమే నిలుపవచ్చును. సందేహముగల బిందువును అడ్డముగా కోసి దాని అంచులు, అడుగు ఎట్లున్నవో చూడవచ్చును. ఆ గుంట ప్రక్కనున్న నిశ్చితమైన గాట్ల లోతుతో సరిపోలుచున్నదా లేదా యని అడుగగలుగుటయే ఎస్టాంపేజి ఈయలేని సౌకర్యము.

క్షేత్రమున పాటింపవలసిన నియమములు కొన్ని కలవు. చిత్రములు ఒకదానితో నొకటి సగమునకు మించి కలిసియుండవలెను. ఒకేచోట నిలిచి కెమెరాను త్రిప్పుచు తీసిన చిత్రములనుండి లోతు రాదు, మనిషి కదలవలెను. చిత్రములు తమంతట పరిమాణమును చెప్పజాలవు, అరచేతిలో నిమిడెడు రాయియు, ఏనుగంత బండయు వాటికొకటే. కావున కొలబద్ద నొకదానిని రాతి ప్రక్కన నుంచి తీరవలెను. మెరయు తలము ఈ విద్యకు విరోధి. తళతళలాడు తామ్రశాసనము, నూనె పూసిన గర్భగుడి కంబము ప్రతి చిత్రమునను వేరొకచోట మెరసి యంత్రమును మోసగించును. సున్నపు పూతల క్రింద దాగిన అక్షరమును కెమెరా చూడలేదు, యంత్రము ఊహింపజాలదు. ఇక చదువుటకు ముందు అక్షరముల గాట్లలో సుద్ద నింపు అలవాటు ఈ సందర్భమున మిక్కిలి హానికరము. సుద్ద పూసినవాడు తన పాఠమును రాతిపై ముందే వ్రాసివేయుచున్నాడు.

ఈ విద్య యొక్క శక్తిని, హద్దును ఒక్కచోట చూపు ఉదాహరణము ఆఫ్ఘనిస్తానమందలి బామియాన్ మహాబుద్ధుడు. సుమారు 55 మీటర్ల యెత్తుగల ఆ విగ్రహము 2001 మార్చిలో ధ్వంసము చేయబడెను. జ్యూరిచ్ సాంకేతిక విశ్వవిద్యాలయమున ఆర్మిన్ గ్రూన్, ఆయన సహచరులు దానిని చిత్రములనుండి తిరిగి నిర్మింప బూనిరి. ఇంటర్నెట్టులో దొరికినవి, యాత్రికులు తీసినవి యగు చిత్రములతో ఒక స్థూలరూపము వచ్చెను. కాని అసలు ఆధారము, ఆస్ట్రియాకు చెందిన కొస్ట్కా 1970లో కొలతల నిమిత్తమై తీసిన మూడు చిత్రములు. వాటితో సూక్ష్మరూపము సాధ్యమయ్యెను. అప్పుడును బుద్ధుని వస్త్రపు ముడుతలను యంత్రము నునుపుచేసి పోగొట్టెను. వాటిని మనుష్యులు కంటితో చూచి, చేతితో గుర్తించి చేర్చవలసి వచ్చెను.

ఆ ముడుతల సంగతి శాసనపరిశోధకులు మరువరానిది. యంత్రము నునుపునకు మొగ్గును. రెండు అంచుల నడుమ సమాచారము లేనిచో అది ఊరకుండదు. ఖాళీని సాఫీగా పూరించును. 2006లో వెలువడి విస్తారముగా వాడుకలోనికి వచ్చిన పాయిసన్ పద్ధతి రంధ్రములేని తలమునే ఇచ్చును, అనగా చూడనిచోటును చూచినట్లే చూపును. గ్రంథపరిష్కర్త శిథిలభాగమున అక్షరములను పూరించినచో కుండలీకరణములలో నుంచును. అట్లు చేయనివానిని పండితలోకము క్షమింపదు. కంప్యూటరు చేసిన పూరణకు కుండలీకరణములు లేవు. 2020లో, 2023లో వచ్చిన నూతనపద్ధతులు క్రొత్త కోణములనుండి మిక్కిలి సుందరమైన దృశ్యములను చూపుచున్నవి. కాని చూచుటకు సుందరమైనది కొలుచుటకు విశ్వసనీయమని చెప్పుటకు వీలులేదు. కావున తలముతోపాటు ఏ భాగమున ఎన్ని చిత్రముల ఆధారము కలదో తెలుపు పటము కూడ ఉండవలెను. అది లేని త్రిపరిమాణ రూపమును పాఠనిర్ణయమునకు సాక్ష్యముగా చేకొనరాదు.

ఇదొక్కటే మార్గము కాదు. కెమెరాను కదల్పక దీపమును మాత్రమే మార్చి, వెలుగునీడలనుండి తలపు వాలును గ్రహించు సూత్రమును వుడ్‌హామ్ 1980లో నిరూపించెను. దానికి దగ్గరగా నుండు మరియొక పద్ధతిని 2001లో మాల్జ్‌బెండర్ బృందము ప్రకటించెను. అరిగిన సన్నని గీతలను చూపుటలో ఇవి కొన్ని తావుల మేలు. నిశ్చితమైన లోతును చెప్పుటలో తక్కువ. బెంగుళూరులో మిథిక్ సొసైటీవారు 2021లో ప్రారంభించిన కార్యక్రమమున శాసనములను స్కానరుతో నమోదు చేయుచున్నారు. స్కానరునకు ఖర్చు అధికము. కెమెరా ప్రతి శాఖలోను, ప్రతి విద్యార్థి చేతిలోను కలదు.

కరీంనగరు ప్రాంతమందలి బొమ్మలగుట్టను తలచినచో ఈ భేదము స్పష్టమగును. జైనశిల్పముల క్రింద, ఎగుడుదిగుడుగానున్న కొండబండపై జినవల్లభుని శాసనము సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో నున్నది. పంపకవి వంశచరిత్రకును, తెలుగు కందమునకును అది ముఖ్యమైన మూలము. రెండు భాషల సాహిత్యచరిత్రకారులును దానిపై ఆధారపడుచున్నారు. అట్టి బండపై కాగితము పరచుట శ్రమ, ముడుత పడిన కాగితమును చదువుట అంతకన్న శ్రమ. చిత్రములు తీయుటకు మబ్బుపట్టిన ఒక పూట చాలును. తీసిన పిమ్మట కట్టిన తలమునే కాక మూలచిత్రములన్నిటిని, ఏ మార్పును చేయక, భద్రపరుపవలెను; గణనపద్ధతులు మారినప్పుడెల్ల అవే చిత్రములనుండి మేలైన తలమును మరల కట్టవచ్చును. నూరేండ్ల క్రిందటి ఎస్టాంపేజి లభించుచోట దానిని ఈ తలముపై నమర్చి చూచుటయు అవసరము, ఏలయన నాడు కాగితమునకంటిన అక్షరములలో కొన్ని నేడు రాతిపై లేవు.