పెరట్లో నిలిచిపోయిన అంబాసిడర్

పాత ఇళ్ల పెరట్లో, రేకుల షెడ్డు కింద, టార్పాలిన్ కప్పుకొని ఒక అంబాసిడర్ కారు నిలిచి ఉండడం మన పట్టణాలలో అరుదైన దృశ్యమేమీ కాదు. టైర్లు గాలి పోయి నేలకు కుంగి ఉంటాయి. బానెట్ మీద కోళ్లు పడుకుంటాయి. దాదాజాన్ కొన్నారని, అబ్బాజాన్ నడిపారని, ఆయన కాలం చేసిన తరువాత ఎవరూ తాళం తిప్పలేదని ఇంటివారు చెబుతారు. ఆ కారును బాగు చేయించాలన్న ఉత్సాహం ఇప్పుడు మనుమలలో కనిపిస్తున్నది. సంతోషించదగినదే. అయితే చాలా ఇళ్లలో ఈ పని తలకిందులుగా మొదలవుతున్నది. మొదట రంగు వేయిస్తారు, తరువాత ఇంజను స్టార్ట్ చేయిస్తారు, బ్రేకుల సంగతి చివరన గుర్తుకు వస్తుంది. వరుస ఇందుకు సరిగా వ్యతిరేకంగా ఉండాలి. కారు ముందు ఆగగలగాలి, తరువాత కదలగలగాలి, అందం ఆ పిమ్మట.

బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ కారును మాతృకగా తీసుకొని హిందుస్తాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో అంబాసిడర్‌ను తయారు చేసింది. 1950ల చివరలో మొదలైన ఉత్పత్తి 2014 మే నెలలో ఆగిపోయింది. ఇన్ని దశాబ్దాలలో ఆకారం పెద్దగా మారలేదు. ఆ రోజుల్లో దానిని ఎగతాళి చేసినవారున్నారు గాని, నేడు విడిభాగాలు దొరుకుతున్నాయంటే ఆ మారకపోవడమే కారణం. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల దీని గుణం తెలిసిన పాత మేస్త్రీలు ఇంకా ఉన్నారు.

పానా పట్టకముందే తేలవలసిన ప్రశ్న ఒకటున్నది. ఈ కారు ఎవరిది? తండ్రి పేరు మీద ఉన్న వాహనం ఆయన మరణంతో పెద్ద కొడుకుది అయిపోదు. అది వారసత్వ ఆస్తి. తల్లికి వాటా ఉన్నది, అత్తవారిళ్లలో ఉన్న ఆడపిల్లలకూ వాటా ఉన్నది. పాడుబడి ఉన్నంత కాలం ఎవరూ మాట్లాడరు. ఒక తమ్ముడు రెండు మూడు లక్షలు ఖర్చు చేసి మెరిపించిన నాడు అందరికీ గుర్తుకు వస్తుంది. అందుచేత ఇప్పుడున్న స్థితిలో దాని వెల ఎంతో కట్టించి, వారసులందరి అంగీకారం కాగితం మీద రాయించుకొని, వాటాల సొమ్ము చెల్లించిన తరువాతే పని మొదలుపెట్టాలి. రవాణా శాఖలో మరణించిన యజమాని పేరు నుండి వారసుని పేరుకు మార్పించుకోవడానికి ఫారం 31 ఉన్నది. ఈ పని చేయకుండా ఇంజనుకు డబ్బు పెట్టడం తెలివైన పని కాదు.

ఇక బ్రేకులు. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉన్నది. ఏళ్ల తరబడి కదలని కారులో ఆ తేమ మాస్టర్ సిలిండరును, చక్రాల దగ్గర ఉండే వీల్ సిలిండర్లను లోపలి నుండి తుప్పు పట్టిస్తుంది. రబ్బరు కప్పులు గట్టిపడి పగులుతాయి. పైగా పాత అంబాసిడర్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకే బ్రేక్ లైను ఉండేది. ఒక్క చక్రం దగ్గర ఆయిల్ కారితే నాలుగు బ్రేకులూ పోతాయి. పెడల్ మొదటిసారి గట్టిగానే తగులుతుంది, రెండవసారి నేలను తాకుతుంది. మా మద్రసా వీధిలోనే ఒక ఇంట ఇలా జరిగింది. ఇరవై ఏళ్లకు పైగా నిలిచిన కారుకు బ్యాటరీ తగిలించారు, ఇంజను పలికింది. ఆ సంబరంలో గేటు దాటించారు. పల్లంలో పెడల్ పనిచేయలేదు. ఎదుటి ఇంటి ప్రహరీ గోడ దానిని ఆపింది. మక్తబ్ విడిచి పిల్లలు ఆ దారినే వెళ్లి అయిదు నిమిషాలైనా కాలేదు. కాబట్టి నాలుగు డ్రమ్ములూ విప్పించి, సిలిండర్లు, కప్పులు, రబ్బరు గొట్టాలు అన్నీ మార్పించాలి. తుప్పు పట్టిన లోహపు గొట్టాలకూ ఇదే నియమం. టైర్లు చూపుకు బాగున్నా పాతవి వద్దు.

ఇంజను విషయంలో మొదటి జాగ్రత్త తాళం తిప్పకపోవడమే. సిలిండర్ల గోడలకు పిస్టన్ రింగులు తుప్పుతో అతుక్కుపోయి ఉండవచ్చు. ఆ స్థితిలో స్టార్టర్ బలంగా తిప్పితే రింగులు విరుగుతాయి. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాలలో పలుచని నూనె పోసి, కొన్ని రోజులు నాననివ్వాలి. తరువాత చేతితో మెల్లగా తిప్పి చూడాలి. పాత అంబాసిడర్లకు ముందు నుండి పెట్టి తిప్పే హ్యాండిల్ ఉండేది. అది డిక్కీలో ఎక్కడో పడి ఉంటుంది, వెతకండి. పాత ఇంజన్ ఆయిల్ పూర్తిగా దించేయాలి. అది పాల రంగులో ఉంటే లోపలికి నీరు చేరిందని అర్థం.

ట్యాంకులోని పెట్రోలు ఈ పాటికి జిగురుగా మారి ఉంటుంది. ట్యాంకు దించి కడిగించాలి. దానికి చిల్లులుంటే వెల్డింగ్ అనుకోవద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఆవిరి పేలుతుంది. షాపులలో ఇది తెలిసీ తొందరపడేవారున్నారు. ఇంకొక సంగతి. ఈ కారు మన ఇంటికి వచ్చినప్పటి పెట్రోలు వేరు, ఇప్పటిది వేరు. దేశంలో 2000 సంవత్సరం నుండి సీసం కలిపిన పెట్రోలు లేదు. ఆ సీసం పాత ఇంజన్ల వాల్వు సీట్లు అరగకుండా కాపాడేది. హెడ్ విప్పినప్పుడే గట్టి సీట్లు వేయిస్తే మంచిది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. అది పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, తేమను లాగుతుంది. గొట్టాలన్నీ దానికి తట్టుకునే కొత్త రకంవి కావాలి. ఎలుకలు కొరికిన వైరింగ్‌కు టేపు చుట్టి సరిపెట్టడం నిప్పుతో ఆట. పూర్తిగా కొత్తది లాగించాలి.

చివరకు తుప్పు. ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిసినప్పుడు తుప్పు పుడుతుంది. అది ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పొరలుగా ఉబ్బి రాలుతుంది, కింద కొత్త ఇనుము బయటపడుతుంది, అదీ తుప్పు పడుతుంది. బందరు, కాకినాడ వంటి తీర పట్టణాలలో గాలిలోని ఉప్పు ఈ పనిని త్వరపెడుతుంది. ఢిల్లీలో కుతుబ్ మీనార్ పక్కన కువ్వతుల్ ఇస్లాం మసీదు ప్రాంగణంలో ఉన్న ఇనుప స్తంభం సుమారు 1,600 ఏళ్లుగా ఎండావానలకు నిలిచి ఉన్నది. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువగా ఉండడం వలన దాని మీద ఒక రక్షక పొర ఏర్పడిందని పరిశోధకులు తేల్చారు. నేడు మేస్త్రీలు తుప్పు మీద పూసే ద్రవంలో సాధారణంగా ఉండేది కూడా భాస్వరపు ఆమ్లమే. అయితే అది పైపై తుప్పుకు మందు, చిల్లుకు కాదు.

చిల్లులను దాచే విద్య పుట్టీ. ఒక చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి కారు ఒళ్లంతా తాకించి చూడండి. అతుక్కోని చోట రేకు లేదు, పుట్టీ ఉన్నది. చాపలు ఎత్తి నేల చూడండి. డోర్ల కింది అంచులు, డిక్కీ అడుగు, బ్యాటరీ కింది పళ్లెం, అద్దం రబ్బరు కింది భాగం, వీటిని స్క్రూ డ్రైవర్‌తో నొక్కి చూడాలి. అంబాసిడర్‌కు లారీ వలె విడిగా చాసిస్ లేదు. నేల, డోర్ల కింది దూలాలే బరువు మోస్తాయి. వాటిలో తుప్పు ఉంటే అది అందానికి సంబంధించిన లోపం కాదు. లోపల ఆనిక పెట్టకుండా ఆ దూలాలను కోస్తే బాడీ కుంగి తలుపులు మూతపడవు. కోసిన చోట కొత్త రేకు అతికించి, ప్రైమర్ పట్టించి, లోపలి గుల్లలలో మైనం వంటి నూనె కొట్టించాలి. ఆ తరువాతనే రంగు. అడుగు మొత్తం పోయిన కారును వదిలేయమనే నా సలహా. దాని ఇంజను, తలుపులు మరొక అంబాసిడర్‌ను బ్రతికిస్తాయి. ఇంటి ఖర్చులు ఆపి, అప్పు చేసి దానిని నిలబెట్టడం దుబారా.

కారు వయసు 50 ఏళ్లు దాటితే మరొక ఆలోచన. 2021లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం అలాంటి వాహనాన్ని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో వీఏ అనే అక్షరాలుంటాయి, కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. కాని చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చనిదై, అసలు రూపంలో ఉండాలి. రోజువారీ తిరగడానికి ఈ నమోదు పనికిరాదు. డీజిల్ ఇంజను వేయించి, కొత్త సీట్లు కుట్టించి మురిసిపోదామనుకునేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

అన్నీ పూర్తయ్యాక మొదటి ప్రయాణం ఖాళీ మైదానంలో, మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకొని, నడక వేగంతో. ఆగి, నాలుగు డ్రమ్ములనూ చేతితో తాకి చూడండి. ఒకటి మిగతావాటి కంటే వేడిగా ఉంటే ఆ బ్రేకు పట్టేసి ఉన్నది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన తరువాత హెడ్ నట్లు, కమాన్ కట్టల బోల్టులు మరల బిగించాలి. ఆపైన వారానికి ఒకసారైనా ఇంజను బాగా వేడెక్కే దాకా నడిపి, షెడ్డులో పెట్టేటప్పుడు కిటికీ అద్దం వేలెడు దించి ఉంచండి. లోపల తేమ నిలవదు.