తుర్కపల్లి బీడులో ఈలజిట్ట

కోయిల కూయగనే మన చెవి యటు తిరుగును. చిలుకను పంజరమున బెట్టి మాటలు నేర్పితిమి. నేలమీదనే పుట్టి, నేలమీదనే మేత వెదకుకొని, పాటకొఱకు మింటికెగయు ఈలజిట్ట పేరు మాత్రము మన యిండ్లలో నెందఱికి దెలియును?

హైదరాబాదునుండి కరీంనగరము పోవు బాటలో శామీరుపేట దాటిన పిమ్మట తుర్కపల్లి వచ్చును. రాళ్లగుట్టలు, ఎఱ్ఱనేల, రేగుపొదలు, తంగేడు, ఎండుగడ్డి. ఒక వేసవి యుదయమున మేమచట నిలిచి చూచితిమి. పొదపై గూర్చున్న మట్టిరంగు పిట్ట యొకటి చటుక్కున నిట్టనిలువుగా నెగిరెను. ముప్పది అడుగుల యెత్తు పోయి, రెక్కలు పైకెత్తి, కాళ్లు వ్రేలాడవేసి, సన్నని యీలపాట పాడుచు మెల్లమెల్లగా దిగెను. దిగినంతనే గడ్డిలో గలిసిపోయెను. పిట్ట పిచ్చుకంతయే, దాని రెక్కలలోని యెఱ్ఱదనము ఎగిరినప్పుడే చక్కగా గానవచ్చును.

ఇది భరతపక్షుల కుటుంబములోనిది. దాని పేరు మేము కల్పించినది గాదు. జర్డను అను సైనికవైద్యుడు 1862-64 సంవత్సరములలో వెలువరించిన పక్షిగ్రంథమున ఈలజిట్ట, చిన్న ఈలజిట్ట యని రెంటికిని తెలుగుపేర్లు వ్రాసియుంచెను. 1931-32లో సలీం అలీ హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశీలించెను. ఆయన పక్షియాత్రలలో భార్య తెహ్మినాగారు తోడుండెడివారు. ఆ డేరాల సంసారమునుగూర్చి యెవ్వరైన వ్రాసినచో ముందుగా మేమే చదువుదుము!

ఇక దాని గూడు. గడ్డిదుబ్బు మొదట, చిన్న గుంటలో, గడ్డిపోచలతో గిన్నెవలె నల్లును. తఱచు పైన గడ్డికప్పు గూడ నుండును. అందు రెండు మొదలు నాలుగు వఱకు చుక్కల గ్రుడ్లు. ప్రక్కనుండి నడచిపోవువారికిని గనబడదు. తలుపులేని యా యింటికి నేలరంగే కాపు.

అట్టి నేలకు మనము పెట్టిన పేరు బంజరు. 2000లో ప్రకటింపబడిన భారతదేశపు బంజరుభూముల పటసంపుటియందును పొదలనేల యా లెక్కలోనే చేరినది. తుర్కపల్లి చుట్టును జీనోమ్ వ్యాలీ పేరిట టీకాల, ఔషధముల పరిశోధనాలయములు వెలసినవి. మన బిడ్డలకు వేయించు టీకాలలో గొన్ని యా ప్రాంతమున తయారగునవే. ఆ మేలును మేము తక్కువ చేయము. 2015లో హరితహారము మొదలైనది. మొక్కలు నాటుటయు మంచిపనియే. కాని బీడంతయు దున్ని దట్టముగా జెట్లు పెంచినచో ఆ నీడ కోయిలకు హితవగును గాని యీలజిట్టకు గాదు. దానికి వలసినది ఎండ, గడ్డి, అక్కడక్కడ నొక పొద. గూడు పెట్టు కాలమున గుంటలు త్రవ్వినచో గ్రుడ్లున్న సంగతియే త్రవ్వువారికి దెలియదు. వేసవి మొదలు వానకాలము వఱకు నట్టి నేలను గదపకుండుట సాధ్యమే గదా. ఎవ్వరును తలపెట్టకపోవుటయే మాకు కష్టముగా నున్నది.

తిరిగి వచ్చునపుడు ఆ రేగుపొద ప్రక్కనే క్రొత్తగా పాతిన హద్దురాళ్లు గనబడినవి. వాని సున్నమింకను ఆఱలేదు. పిట్ట యొక రాతిపై గూర్చుండి పాడుచుండెను.