కంప్యూటర్ వైరస్: ‘అప్‌డేట్ తర్వాత చేద్దాంలే’ అంటున్నారా? ఫొటోలు, ఫైళ్లు అన్నీ గోవిందా!

కంప్యూటర్ వాడుతుంటే కింద ఓ మూల ‘అప్‌డేట్ రెడీ’ అని మెసేజ్ వస్తుంది. పని మధ్యలో ఇదేం గోల అని చాలామంది క్లోజ్ చేసేస్తారు. ఆ ఒక్క క్లిక్ ఎంత ఖరీదో 2017లో ప్రపంచానికి తెలిసొచ్చింది.

అసలేం జరిగిందంటే..

2017 మే 12న ‘వానాక్రై’ అనే ర్యాన్సమ్‌వేర్ విరుచుకుపడింది. ఫైళ్లన్నింటికీ తాళం వేసి, తెరవాలంటే 300 డాలర్ల బిట్‌కాయిన్ కట్టాలని డిమాండ్ చేసింది. దాదాపు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. ఏపీలో పోలీస్ శాఖ కంప్యూటర్లకూ ఈ సెగ తగిలింది.

ట్విస్ట్ ఏంటంటే, వానాక్రై వాడుకున్న లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చేసింది. అంటే దాడికి రెండు నెలల ముందే! అది వేసుకోని సిస్టమ్స్‌లోకి, ఎవరూ ఏ లింకూ క్లిక్ చేయకపోయినా, నెట్‌వర్క్ ద్వారా వైరస్ దానంతట అదే పాకింది.

మరి ఏం చేయాలి?

* అప్‌డేట్: సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ ఓపెన్ చేసి పెండింగ్‌లో ఉన్నవన్నీ ఇన్‌స్టాల్ చేయండి. విండోస్ 10కి సాధారణ ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ పీసీ విండోస్ 11కి సరిపోతుందో లేదో చెక్ చేసుకోండి.

* యాంటీవైరస్: డబ్బు పెట్టి కొనాల్సిందేమీ లేదు. విండోస్ 10, 11లో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ముందే ఉంటుంది. అది ఆన్‌లో ఉందో లేదో చూసుకుంటే చాలు.

* క్రాక్ సాఫ్ట్‌వేర్: ‘ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి’ అని అడిగిందంటే అక్కడే ఆగిపోండి. దొంగ వచ్చి కుక్కను కట్టేయమన్నట్టే అది!

* బ్యాకప్: పిల్లల ఫొటోలు, సర్టిఫికెట్లు, ప్రాజెక్టులు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో కాపీ చేసి, పని అవ్వగానే తీసేయండి. తగిలించే ఉంచితే ర్యాన్సమ్‌వేర్ దాన్ని కూడా లాక్ చేసేస్తుంది.

వైరస్ వచ్చేసిందా?

వెంటనే వైఫై ఆఫ్ చేయండి, కేబుల్ ఉంటే పీకేయండి. బ్యాకప్ డిస్క్ మాత్రం తగిలించొద్దు. డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ రన్ చేయండి. మెయిల్, బ్యాంక్ పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చుకోండి. ఫైళ్లు లాక్ అయినా తొందరపడి డబ్బు కట్టొద్దు, కట్టినా తిరిగొస్తాయన్న గ్యారెంటీ లేదు. కొన్ని రకాల ర్యాన్సమ్‌వేర్‌కు ‘నో మోర్ ర్యాన్సమ్’ వెబ్‌సైట్‌లో ఉచితంగా తాళంచెవులు దొరుకుతాయి. అకౌంట్‌లో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి.

ఈ రాత్రి కంప్యూటర్ షట్‌డౌన్ చేసే ముందు ఒక్కసారి ఆ అప్‌డేట్ బటన్ నొక్కండి. పోయిన ఫొటోలు ఎంత డబ్బు పెట్టినా మళ్లీ రావు.