డౌన్ గ్రామంలో డార్విన్ ఇల్లు

మహనీయులు నివసించిన గృహాలను దర్శింపబోయేవారు సాధారణంగా గదులు చూచి తిరిగి వస్తారు. ఆయన కూర్చున్న కుర్చీ, వ్రాసుకొన్న బల్ల, చదివిన పుస్తకాలు కంటబడితే చూడవలసినది చూచినామని తృప్తి పడతారు. ఇంగ్లండులో, కెంటు సీమలోని డౌన్ గ్రామంలో చార్లెస్ డార్విన్ కాపురమున్న ఇంటిని ఆ విధంగా చూస్తే సగము చూచినట్లే. ఆ ఇంటి తోట, తోటను ఆనుకొని ఉన్న పచ్చిక బయలు, దాని కావల కనిపించే సుద్దనేలల లోయలు, ఇవన్నీ కలిసి ఆయన ప్రయోగశాల.

బీగిల్ నౌకలో ప్రపంచయాత్ర ముగించుకొని 1836లో స్వదేశం చేరిన డార్విన్ కొన్నాళ్లు లండనులో ఉన్నాడు. ఆరోగ్యం చెడినది. నగరపు పొగకు, సందడికి దూరంగా ఉండదలచి 1842 సెప్టెంబరులో భార్యాబిడ్డలతో డౌన్ గ్రామానికి తరలి వచ్చినాడు. లండనుకు 16 మైళ్ల దూరము. ఊరిలో ఇంచుమించు నలభై ఇళ్లు. తండ్రి ఇచ్చిన ధనంతో సుమారు 2,200 పౌనులకు కొన్న ఆ ఇల్లు చదరమైన ఇటుక కట్టడం. మొదటి చూపులో డార్విన్‌కు అది వికారంగానే తోచినది. చేరిన కొద్ది వారాలకే, అక్కడ పుట్టిన పసిపాప మరణించినది. అయినా ఆ దంపతులు ఊరు విడువలేదు. బాటసారుల చూపు ఇంటిలోనికి పడకుండ ప్రక్కనున్న దారిని లోతు చేయించి, గోడ కట్టించి, నలభై సంవత్సరాలు అక్కడనే స్థిరపడినారు.

ఈ స్థిరనివాసమే డార్విన్ శాస్త్రానికి ఆయువుపట్టు. తోటలో మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల చిన్న చెక్కను త్రవ్వి శుభ్రం చేసి, మొలచిన ప్రతి కలుపుమొక్కకు ఒక గుర్తు పెట్టుతూ వచ్చినాడు. మొత్తం 357 మొలకలు వచ్చినవి. వాటిలో 295 నశించినవి. ఎక్కువ భాగం నత్తజాతి పురుగులకు, కీటకాలకు ఆహారమైనవి. ప్రకృతిలో జీవనపోరాటం ఎంత తీవ్రమైనదో చెప్పడానికి 1859లో ప్రకటించిన జాతుల ఉత్పత్తి గ్రంథంలో ఆయన ఈ లెక్కనే ఉదహరించినాడు. అటువంటి లెక్కకు దూరదేశాలు తిరగనక్కరలేదు, ప్రతిదినం పెరటిలోనికి పోయి వంగి చూచే ఓపిక ఉంటే చాలును.

ఓపికకు ఇంతకన్న పెద్ద నిదర్శనం పచ్చిక బయలులో ఉన్నది. ఆ ఊరు చేరిన సంవత్సరమే, 1842 డిసెంబరులో, ఇంటి దగ్గరి పచ్చిక బయలులో ఒక భాగంపై సుద్దముక్కలు చల్లించినాడు. 29 ఏళ్లు ఆగి, 1871 నవంబరులో అక్కడ కందకం త్రవ్వించి చూస్తే ఆ తెల్లని ముక్కలు ఏడు అంగుళాల లోతున వరుసగా కనిపించినవి. వాటిని పాతిపెట్టినవి వానపాములు. అవి నేలలోపలి మట్టిని మ్రింగి పైకి తెచ్చి విసర్జిస్తూ ఉండగా, ఏడాదికి అంగుళంలో నాలుగవ వంతుకైనా చాలని మందంతో కొత్త మన్ను పైన పేరుకొన్నది. ఇల్లు మారుతూ పోయే మనిషికి ఈ ప్రయోగం సాధ్యం కాదు.

వానపాములను కుండీలలో పెట్టి ఇంటిలోనికి కూడా తెచ్చినాడు. బస్సూన్ అనే ఊదుడు వాద్యం ఎంత గట్టిగా మ్రోగించినా అవి లెక్కచేయలేదు. అవే కుండీలను పియానోపై ఉంచి మీట నొక్కగానే, అదురుపాటు తగిలి బొరియలలో దూరినవి. వాటికి వినికిడి లేదని, స్పర్శ ఉన్నదని తేలినది. 1881లో వెలువడిన వానపాముల గ్రంథంలో కలకత్తా వృక్షోద్యానం నుండి, మన నీలగిరుల నుండి వచ్చిన వానపాముల మట్టికుప్పల చిత్రాలు కూడా ఉన్నవి.

తోట చివర చెట్లు నాటించి, వాటి చుట్టు ఒక ఇసుకబాట వేయించినాడు. దినదినము అక్కడ నడిచేవాడు. ఎన్ని చుట్లు తిరిగినదీ మరవకుండ, చెకుముకి రాళ్లు పోగుపెట్టి చుట్టుకొకటి చొప్పున కాలితో తన్నేవాడు. బిడ్డలకు అది ఆటస్థలము, తండ్రికి ఆలోచనాస్థలము.

డార్విన్ 1882 ఏప్రిల్ 19న ఈ ఇంటిలోనే కన్నుమూసినాడు. ఊరి చర్చి ఆవరణలోనే సమాధి కావలెనని ఆయన కోరిక. దేశం గౌరవించి వెస్టుమినిస్టరు ఆబీలో ఉంచినది. ఇంటిలో కొంతకాలం బాలికల పాఠశాల నడచినది. 1927లో బక్స్టన్ బ్రౌన్ అనే శస్త్రవైద్యుడు దానిని కొని విజ్ఞానసంస్థ అయిన బ్రిటిష్ అసోసియేషన్‌కు అప్పగించగా, 1929లో ప్రజల దర్శనానికి తెరిచినారు. 1996 నుండి ఇంగ్లీష్ హెరిటేజ్ సంస్థ ఆధీనంలో ఉన్నది.

1965లో డౌన్ గ్రామం మహాలండను పరిపాలన హద్దులలో చేరినది. అయినా ఇంటి వెనుక నిలబడితే నేటికీ పొలాలు, కంచె పొదలు, అడవిచెట్లు కనిపిస్తవి. ఈ దృశ్యాన్ని కాపాడటం కేవలం సౌందర్యాభిమానం కాదు. గోడలు పాడైతే మరల కట్టవచ్చును, కుర్చీ విరిగితే బాగుచేయవచ్చును. పచ్చిక బయలుమీద ఒకసారి ఇళ్లు లేచినచో, వానపాములు 29 ఏళ్లు వ్రాసిన పాఠం చదివిన చోటు ఇది అని చూపడానికి నేల మిగలదు.