కండరాలను సడలించే మందులు – ఇతర మందులతో వాటి చర్యలు

పొట్ట కోసి చేసే ఆపరేషన్‌లో రోగికి స్పృహ లేకుండా, నొప్పి తెలియకుండా చేస్తే సరిపోదు. బిగుసుకున్న కండరాలు కూడా వదులు కావాలి. 1942 జనవరి 23న మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్, ఎనిడ్ జాన్సన్ అనే వైద్యులు ఒక అపెండిక్స్ ఆపరేషన్‌లో ఇందుకోసం క్యురారే మందును వాడారు. దక్షిణ అమెరికా ఆదివాసులు బాణాలకు పూసే విషం నుంచి తీసిన మందు అది. నేటి వెక్యురోనియం, రోక్యురోనియం, అట్రాక్యురియం కూడా ఆ పద్ధతిలోనే పనిచేస్తాయి.

కండరం కదలాలంటే నాడి చివర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై, కండరం మీది గ్రాహకాలకు అంటుకోవాలి. ఈ మందులు ఆ గ్రాహకాలను ముందే ఆక్రమిస్తాయి. శ్వాస కండరాలూ ఇందుకు మినహాయింపు కాదు కనుక, మందు ప్రభావం తగ్గేదాకా రోగికి యంత్రంతోనే ఊపిరి అందించాలి. అందువల్ల ఆ ప్రభావం ఎంతసేపు ఉంటుందన్నది ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న. దానికి సమాధానం తరచూ రోగి వాడే ఇతర మందుల్లో ఉంటుంది.

కొన్ని మందులు సడలింపును పెంచుతాయి. సెవోఫ్లురేన్, డెస్‌ఫ్లురేన్ వంటి పీల్చే మత్తుమందులు ఈ కోవలోవే. జెంటామైసిన్, అమికాసిన్, నియోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు నాడి చివర ఎసిటైల్‌కోలిన్ విడుదలను తగ్గిస్తాయి. క్లిండామైసిన్ కూడా సడలింపును పొడిగించగలదు. గుర్రపువాతం వచ్చిన గర్భిణికి ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్, ఆ విడుదలకు అవసరమైన కాల్షియంకు అడ్డుపడుతుంది. అందుకే ఆమెకు సిజేరియన్ చేసేటప్పుడు సడలింపు మందు మోతాదు తగ్గించి, ప్రభావాన్ని కనిపెట్టి ఉండాలి.

ఫిట్స్ రోగుల్లో పరిస్థితి ఇందుకు విరుద్ధం. ఫెనిటాయిన్, కార్బమజెపైన్ దీర్ఘకాలంగా వాడేవారిలో వెక్యురోనియం, రోక్యురోనియం ప్రభావం త్వరగా తగ్గిపోతుంది. ఆపరేషన్ మధ్యలోనే కండరాలు మళ్లీ బిగుసుకోవచ్చు.

సక్సినైల్‌కోలిన్ వేరే తరహా మందు. ఒక నిమిషంలో పనిచేసి, సాధారణంగా 10 నిమిషాల్లోపు దిగిపోతుంది. రక్తంలోని ఒక కోలినెస్టరేజ్ ఎంజైమ్ దానిని విడగొట్టడమే ఇందుకు కారణం. మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు ఆ ఎంజైమ్‌ను అణచివేస్తాయి. పురుగుమందు ఒంట్లోకి వెళ్లిన వ్యక్తికి ఈ మందు ఇస్తే సడలింపు గంటల తరబడి నిలవవచ్చు. ఆ ఎంజైమ్ పుట్టుకతోనే లోపించినవారిలోనూ ఇదే జరుగుతుంది. ఆర్యవైశ్యుల్లో ఈ జన్యులోపం ఎక్కువగా కనిపిస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి.

సడలింపుకు విరుగుడుగా ఇచ్చే మందుకూ ఇలాంటి చర్య ఉంది. సుగమాడెక్స్ రోక్యురోనియం అణువును తనలో బంధించి పనిచేస్తుంది. అది గర్భనిరోధక మాత్రల్లోని ప్రొజెస్టోజెన్‌ను కూడా కొంత బంధించగలదు. మాత్రలు వాడే స్త్రీ విరుగుడు అందిన తర్వాత 7 రోజులు హార్మోన్లు లేని మరో పద్ధతిని కూడా పాటించాలి.

ఇన్ని చర్యలను ఊహతో లెక్కగట్టడం సాధ్యం కాదు, కొలవాల్సిందే. మణికట్టు దగ్గర నాడికి వరుసగా 4 విద్యుత్ ప్రేరణలు ఇచ్చి, బొటనవేలి కదలికను గమనిస్తారు. నాలుగో కదలిక బలం మొదటిదానిలో కనీసం 0.9 వంతుకు చేరాకే శ్వాసగొట్టం తీయడం క్షేమం.

యంత్రం కొలవగలదు గాని, రోగి ఇంట్లో ఏ మందులు మింగుతున్నాడో చెప్పలేదు. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు అడిగినప్పుడు వాడుతున్న ప్రతి మందునూ, పురుగుమందు సోకి ఉంటే ఆ సంగతినీ, కుటుంబంలో ఎవరికైనా మత్తు వల్ల ఇబ్బంది వచ్చి ఉంటే అదీ దాచకుండా చెప్పండి. ఏ మందునూ సొంతంగా ఆపవద్దు. మందుల చీటీలు వెంట తీసుకెళ్లండి.