కప్పు కొలతల రిపోర్టు: లోపలి పేజీలు చదవండి

వడగళ్ల వాన వెలిసిన మర్నాడు డాలస్ శివార్లలో, ముఖ్యంగా మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో, అర్వింగ్‌లలో, రూఫర్లు ఇంటింటి తలుపూ తడతారు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ మొదలయ్యాక ఒక కొలతల రిపోర్టు బయటికొస్తుంది. విమానం నుంచి తీసిన ఫొటోలతో ఈగల్‌వ్యూ లాంటి సంస్థలు దాన్ని తయారుచేస్తాయి. మొదటి పేజీలో మొత్తం విస్తీర్ణం చూసి పక్కన పెట్టేయకండి.

స్లాబు ఇళ్లలో పెరిగిన మనకు కింద ఎంతో పైనా అంతే. వాలు కప్పు అలా కాదు. పిచ్ 9/12 అంటే అడ్డంగా 12 అంగుళాలు పోయేసరికి కప్పు 9 అంగుళాలు లేస్తుంది. ఆ ఏటవాలు పొడవు 15 అంగుళాలు. 15ను 12తో భాగిస్తే 1.25. చూరుతో కలిపి 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పున్న ఇంటిని తీసుకుందాం. నేల మీద 2,400 చదరపు అడుగులు, కప్పు మీద 3,000. పిచ్ 6/12 అయితే గుణించాల్సింది 1.118తో, కప్పు 2,683 మాత్రమే. రూఫర్లకు 100 చదరపు అడుగులు ఒక స్క్వేర్, మన 11 గజాల పైచిలుకు. పిచ్ ఒక్కటి తప్పుగా పడితే మూడు స్క్వేర్లకు పైగా తేడా! పైగా ఇన్సూరెన్స్ అంచనాల్లో 7/12 నుంచి నిటారు కప్పు కింద అదనపు కూలి కలుస్తుంది. అందుకే నేను ముందు చూడమనేది పిచ్‌నే.

తర్వాత వేస్ట్, అంటే కోతల్లో వృథా అయ్యే సరుకు. రిపోర్టులో వేర్వేరు వేస్ట్ శాతాలతో ఒక పట్టిక ఉంటుంది. అది గుణించి పెట్టిన లెక్క. మన 30 స్క్వేర్లకు 15 శాతం కలిపితే 34.5. స్క్వేర్‌కు మూడు కట్టల చొప్పున 104 కట్టల షింగిల్స్ (కప్పు మీద పరిచే పలకలు). ఏ వరుస తీసుకున్నారు, ఎందుకు అని రూఫర్‌ను అడగండి. హిప్‌లు (వాలులు కలిసే ఏటవాలు గట్లు), వ్యాలీలు (వాలులు కలిసే పల్లాలు) ఎక్కువున్న కప్పుకు కోతలు ఎక్కువ, 15 శాతం న్యాయమే. రెండే వాలులున్న సాదా కప్పుకు అంత అక్కర్లేదు.

పొడవు అడుగుల లెక్కను ఎవరూ చూడరు, కానీ ఎక్కువ పొరపాట్లు దొర్లేది అక్కడే. నాలుగు వైపులా వాలే మన ఇంటికి చూరు 200 అడుగులు, కొప్పు 20, ఒక్కో హిప్ 32 చొప్పున నాలుగూ 128. డ్రిప్ ఎడ్జ్ (చూరు అంచు రేకు), స్టార్టర్ షింగిల్స్ (మొదటి వరుస) చూరు పొడవునా కావాలి, అంటే 200 అడుగులు. కొప్పుకూ హిప్‌లకూ కలిపి రిడ్జ్ క్యాప్ 148 అడుగులు. కొటేషన్‌లో ఈ అంకెలు లేకపోతే ఆ పని చేయరనో, పాత రేకే ఉంచేస్తారనో అనుమానించాలి. స్టార్టర్, క్యాప్‌లను మామూలు షింగిల్స్ కోసి చేస్తామని వేస్ట్ పెంచి, మళ్లీ వాటికి విడిగా డబ్బు అడిగితే ఒకే సరుకుకు రెండుసార్లు కడుతున్నట్టు.

ఫొటోకు షింగిల్స్ కింద ఏముందో తెలియదు. కింద ఇంకో పాత పొర ఉందా, చెక్క పుచ్చిందా అన్నది ఊడదీస్తేనే బయటపడుతుంది. 32 చదరపు అడుగుల చెక్క షీటు మార్చాల్సివస్తే ఒక్కోదానికి ఎంతో సంతకానికి ముందే కాగితం మీద రాయించుకోండి. చెట్లు కమ్ముకున్న చోటా, ఫొటో తీశాక గది కలిపిన చోటా కొలతలను నమ్మకుండా టేపు పట్టించాలి.

చివరగా డిడక్టబుల్. ఇంటికి 5 లక్షల డాలర్ల కవరేజీ, వడగళ్లకు 2 శాతం డిడక్టబుల్ ఉంటే 10,000 డాలర్లు మీ జేబులోంచే పోవాలి. అది మాఫీ చేస్తామని రూఫర్ మాటివ్వడాన్ని టెక్సస్ చట్టం 2019 సెప్టెంబర్ నుంచి నిషేధించింది. అయినా ఎవరైనా ఆ మాట అంటే, ఆ సొమ్మును లెక్కలు పెంచి రాబట్టుకోవచ్చు కాబట్టి, అతని అంచనాలో వేస్ట్ శాతాన్నీ పిచ్‌నూ రిపోర్టు పక్కన పెట్టి ఒక్కో వరుసా సరిచూడండి.